ఉద్యోగం మానకుండా ఆన్‌లైన్‌లో టెక్నాలజీ మేనేజ్‌మెంట్ పీజీ: ఎంపిక నుంచి ప్రాజెక్టు దాకా

ఇంజినీరింగో, రసాయన శాస్త్రమో, గణాంక శాస్త్రమో చదివి ఏడెనిమిదేళ్లు ఉద్యోగం చేసినవారికి ఒక దశలో పని స్వభావమే మారిపోతుంది. అంతవరకు కోడు రాయడం, యంత్రాన్ని నడపడం, నమూనాలను పరీక్షించడం వస్తే సరిపోయేది; ఆ తరువాత ఏ యంత్రం కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా తయారు చేసుకోవాలి, పాత పద్ధతిని ఎప్పుడు వదిలిపెట్టాలి అనే ప్రశ్నలకు జవాబు చెప్పవలసి వస్తుంది. టెక్నాలజీ మేనేజ్‌మెంట్ నేర్పేది ఈ నిర్ణయాలు తీసుకునే పద్ధతిని. అందుచేత దరఖాస్తు ఫారం తెరవకముందే, గడిచిన ఏడాదిలో మీ సంస్థలో మీకు అంతుపట్టకుండా మిగిలిన మూడు నిర్ణయాలను ఒక కాగితం మీద రాసుకోండి. కోర్సు ఎంపికలో ర్యాంకుల పట్టిక కన్నా ఆ కాగితమే మీకు ఎక్కువ పనికివస్తుందని నా నమ్మకం.

తరువాత చూడవలసింది డిగ్రీ చెల్లుబాటు. ఈ విషయంలో తొందరపాటు ఎంతమాత్రం తగదు. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2020 నిబంధనల ప్రకారం ఇంజినీరింగ్ డిగ్రీలను ఆన్‌లైన్‌లో గానీ దూరవిద్యలో గానీ ఇవ్వకూడదు; మేనేజ్‌మెంట్ డిగ్రీలను అనుమతితో ఇవ్వవచ్చు. టెక్నాలజీ మేనేజ్‌మెంట్ సరిగ్గా ఈ రెండింటి సరిహద్దులో ఉన్న విషయం కాబట్టి, పట్టా మీద ఎంబీఏ అని ఉంటుందా, ఎంటెక్ అని ఉంటుందా అన్నది ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఐఐటీలు 1961 నాటి సొంత చట్టం కింద నడుస్తాయి గనుక వాటి దారి వేరు. ఐఐటీ కాన్పూర్ నడిపే ఆన్‌లైన్ పీజీ అయిన ఈ-మాస్టర్స్‌లో, గేట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరు లేకుండానే ఉద్యోగులు చేరవచ్చు. బిట్స్ పిలానీ కూడా ఉద్యోగుల కోసం పనితో ముడిపడిన కోర్సులను 1979 నుంచి నడుపుతోంది.

అనుమతి లేని చదువు ఎంత నష్టం తెస్తుందో 2017 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపింది. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల విషయంలో, 2001–2005 మధ్య చేరినవారు సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ పెట్టిన పరీక్ష రాయవలసి వచ్చింది. ఆ తరువాత చేరినవారి డిగ్రీలు రద్దయ్యాయి. కాబట్టి ఫీజు కట్టే ముందు యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో విశ్వవిద్యాలయం పేరు, కోర్సు పేరు, విద్యాసంవత్సరం, ఈ మూడూ కలిసి ఉన్నాయో లేదో మీరే స్వయంగా చూడండి. ఫోన్లు చేసి సీట్లు అయిపోతున్నాయని చెప్పే ఎడ్‌టెక్ (ఆన్‌లైన్ చదువుల వ్యాపార) సంస్థకు సొంతంగా డిగ్రీ ఇచ్చే అధికారం లేదు. అనుమతి ఉన్న కోర్సు అయితే, ఆ డిగ్రీ కళాశాలకు వెళ్లి చదివిన డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022లో స్పష్టం చేసింది.

ఇక సమయం సంగతి. ఆన్‌లైన్, దూరవిద్యల్లో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల సబ్జెక్టుకు 120 గంటలు, సెమిస్టరుకు నాలుగు సబ్జెక్టులైతే 480 గంటలు, ఇరవై వారాలకు పంచితే వారానికి 24 గంటలు. ఉద్యోగం, పిల్లలు, ఇంటి పెద్దల బాధ్యత ఉన్నవారికి ఇది చాలా భారం. సబ్జెక్టులను తగ్గించుకుని, కోర్సును ఎక్కువ కాలానికి పొడిగించుకునే వీలుందా, గరిష్ఠ గడువు ఎంత అని తప్పక అడగండి. ఇంట్లోవారితోనూ ముందే మాట్లాడి, ఏ రోజు ఏ గంటలు మీవో కలిసి నిర్ణయించుకోండి.

పాఠ్యప్రణాళికలో ఫైనాన్స్, ప్రాజెక్టు నిర్వహణ, ఆవిష్కరణల నిర్వహణ, మేధోసంపత్తి హక్కులు ఉండాలి. సైన్సు నేపథ్యం ఉన్నవారు ఫైనాన్స్‌ను తప్పించుకోవాలని చూస్తారు; నిజానికి వారికి అన్నిటికన్నా అవసరమైనది అదే. జీడిమెట్లలోని ఒక మందుల పరిశ్రమలో నాణ్యతా విభాగంలో పనిచేసే రసాయన శాస్త్రవేత్తను ఊహించుకోండి. కాగితపు రికార్డుల స్థానంలో కంప్యూటర్ వ్యవస్థ రావాలని ఆమెకు తెలుసు. ఆ పెట్టుబడి ఎన్నేళ్లలో తిరిగి వస్తుందో, శిక్షణ ఖర్చు ఎంతో, మార్పు జరిగే నెలల్లో తనిఖీ వస్తే ఏం చేయాలో లెక్కలతో చూపగలిగిన రోజున యాజమాన్యం ఆమె మాట వింటుంది. ఒక సాంకేతికత వాడకానికి ఎంత సిద్ధంగా ఉందో చెప్పే, నాసాలో పుట్టిన సాంకేతిక సంసిద్ధతా స్థాయిలు కూడా ఇలాంటి పనిముట్టే: మూల సూత్రం మాత్రమే తెలిసిన దశ 1, వాస్తవ వినియోగంలో నిరూపణ అయిన దశ 9. సరఫరాదారు చూపించే కొత్త పరికరం ఏ స్థాయిలో ఉందని అడగడం నేర్చుకుంటే ఎన్నో తప్పుడు కొనుగోళ్లు తప్పుతాయి.

అమెరికాలో ఉన్న మనవారికి ఒక మాట. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద పనిచేస్తూ పార్ట్‌టైమ్‌గా చదువుకోవచ్చు. కానీ పూర్తిగా ఆన్‌లైన్‌లో సాగే కోర్సు ఆధారంగా ఎఫ్-1 విద్యార్థి వీసా రాదు, కనుక వీసా ఆశతో దీనిలో చేరకూడదు. యజమాని ఇచ్చే విద్యా సహాయంలో ఏడాదికి 5,250 డాలర్ల వరకు పన్ను ఉండదు. మీ సంస్థలో ఆ పథకం ఉందేమో మానవ వనరుల విభాగాన్ని అడగండి.

చివరి ప్రాజెక్టుకు, మొదట కాగితం మీద రాసుకున్న మూడు నిర్ణయాల్లో ఒకదాన్ని తీసుకోండి. సంస్థ అంకెలు వాడాలంటే అనుమతి కావాలి గనుక, చివరి సెమిస్టరు దాకా ఆగకుండా, ఏ సమాచారం బయటికి వెళ్లవచ్చో, ఏ పేర్లు మార్చాలో మీ పై అధికారితో ముందే రాతపూర్వకంగా ఒప్పించుకోండి.