ఏహెచ్‌యూ కంట్రోలర్లను నెట్‌వర్క్‌కు కలిపి దూరం నుంచి నడపడం ఎలా?

ఆఫీసు భవనాల్లో ఏహెచ్‌యూ (ఏసీ గాలిని సిద్ధం చేసి గదులకు పంపే ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్) కంట్రోలర్లు చాలావరకు బాక్‌నెట్ (భవన పరికరాలు మాట్లాడుకునే ప్రోటోకాల్) ఎంఎస్‌టీపీ మీద, అంటే ఆర్‌ఎస్-485 అనే తీగల లైను మీద నడుస్తాయి. దాన్ని ఈథర్‌నెట్‌కు కలపడానికి కావలసినవి మూడు: బాక్‌నెట్ రౌటర్ (ఆ లైనును ఈథర్‌నెట్‌కు కలిపే పరికరం), వీల్యాన్ (ఒకే స్విచ్‌లో విడిగా ఉంచే నెట్‌వర్క్) చేయగల స్విచ్, వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా లోపలికి రావడానికి సురక్షితమైన దారి) ఉన్న ఫైర్‌వాల్.

1. ముందు లైను సరిచూడండి. షీల్డ్ ఉన్న ట్విస్టెడ్ పెయిర్ కేబుల్ ఒక కంట్రోలర్ నుంచి ఇంకోదానికి గొలుసులా సాగాలి, మధ్యలో కొమ్మలు తీయొద్దు. పొడవు 1200 మీటర్లు దాటొద్దు. షీల్డ్‌ను ఒక చివరే ఎర్త్ చేయాలి. 120 ఓమ్‌ల రెసిస్టర్లు లైను రెండు చివర్లలోనే ఉండాలి. పవర్ ఆపి రెండు తీగల మధ్య మల్టీమీటర్ పెడితే దాదాపు 60 ఓమ్‌లు చూపాలి. 120 చూపితే ఒక రెసిస్టర్ లేనట్టు, 40 చూపితే మధ్యలో మూడోది ఉన్నట్టు. ఎక్కువ తంటాలు ఇక్కడే తేలిపోతాయి.

2. ప్రతి కంట్రోలర్‌కూ 0 నుంచి 127 లోపు వేరు వేరు మ్యాక్ నంబరు (లైనులో దాని చిరునామా) ఇవ్వండి. అన్నింటికీ బాడ్ రేటు (డేటా వేగం) ఒక్కటే ఉండాలి, ఉదాహరణకు 38400. మ్యాక్స్ మాస్టర్‌ను (కంట్రోలర్లు ఏ మ్యాక్ నంబరు దాకా వెతకాలో చెప్పే సెట్టింగ్) వాడుతున్న నంబర్లలో పెద్దదానికి తగ్గిస్తే లైనులో మాట్లాడే వంతు వేగంగా తిరుగుతుంది. తర్వాత అంతకన్నా పెద్ద నంబరుతో కంట్రోలర్ చేరిస్తే అది కనిపించదు, అప్పుడు దీన్ని కూడా పెంచాలి. డివైస్ ఇన్‌స్టెన్స్ నంబరు (బాక్‌నెట్‌లో పరికరాన్ని గుర్తించే నంబరు) ఒక్క లైనులోనే కాదు, భవనం మొత్తంలో ఎక్కడా రెండోసారి రాకూడదు.

3. రౌటర్‌కు మారని ఐపీ ఇచ్చి, ఆఫీసు కంప్యూటర్లు లేని వీల్యాన్‌లో పెట్టండి.

4. బాక్‌నెట్ ఐపీ వాడే యూడీపీ 47808 పోర్టును ఇంటర్నెట్‌కు ఎప్పుడూ తెరవకండి. మామూలు బాక్‌నెట్ ఐపీకి పాస్‌వర్డ్ లేదు. చేరగలిగిన ఎవరైనా సెట్‌పాయింట్ (ఉండాల్సిన ఉష్ణోగ్రత వంటి విలువ) మార్చేయగలరు. వీపీఎన్ ద్వారానే లోపలికి రండి. 4జీ సిమ్‌కు సాధారణంగా పబ్లిక్ ఐపీ దొరకదు. అలాంటి చోట భవనంలోని ఫైర్‌వాలే బయటి వీపీఎన్ సర్వర్‌కు కనెక్ట్ అయ్యేలా అమర్చాలి.

5. వీపీఎన్ కలిసింది, పింగ్ వెళ్తోంది, కానీ ఒక్క కంట్రోలరూ కనిపించడం లేదా? పరికరాలను వెతికే బాక్‌నెట్ పిలుపు బ్రాడ్‌కాస్ట్‌గా, అంటే అందరికీ ఒకేసారి వెళ్తుంది. అది ఒక సబ్‌నెట్ దాటి ఇంకోదానికి పోదు. రౌటర్‌లో బీబీఎండీ (ఈ పిలుపులను సబ్‌నెట్ దాటించే సదుపాయం) ఆన్ చేసి, మీ ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్‌ను దానికి ఫారిన్ డివైస్‌గా (వేరే సబ్‌నెట్‌లోని పరికరంగా) నమోదు చేయండి. ఒక సబ్‌నెట్‌లో బీబీఎండీ ఒక్కటే ఉండాలి. రెండు ఉంటే ఒకే సందేశం పదే పదే తిరిగి నెట్‌వర్క్ మొరాయిస్తుంది.

6. దూరం నుంచి ఫ్యాన్ ఆన్ చేస్తే ఆ ఆదేశం సాధారణంగా 8వ ప్రయారిటీలో నిలిచిపోతుంది (నంబరు చిన్నదైతే ఆదేశానికి బలం ఎక్కువ). టైమ్ షెడ్యూల్ అంతకన్నా కింది ప్రయారిటీలో రాస్తుంది కాబట్టి రాత్రి కూడా దాన్ని ఆపలేదు. పని కాగానే అదే ప్రయారిటీలో నల్ (ఖాళీ విలువ) రాసి మీ ఆదేశాన్ని తీసేయండి. అగ్నిప్రమాదంలో ఏహెచ్‌యూ ఆపే తీగను మాత్రం నెట్‌వర్క్‌కు అప్పగించకండి. అది ఫైర్ ప్యానెల్ నుంచి నేరుగా ఫ్యాన్ మోటారు స్టార్టర్‌కే వెళ్లాలి.