మురుగునీటి నుంచి శుద్ధమైన ఫేజ్ దాకా: పట్టడం, వేరుచేయడం, లెక్కగట్టడం

ప్లేటు మీద తేటమచ్చ కనబడగానే ఫేజ్ (బ్యాక్టీరియాకు సోకే వైరస్) దొరికిందని సంబరపడకండి. బ్యాక్టీరియా పొరను అలా మాయం చేయగలిగేవి ఇంకా ఉన్నాయి. ఫిల్టరు దాటి వచ్చిన కొలిసిన్ల వంటి, బ్యాక్టీరియాను చంపే ప్రోటీన్లు ఆ పని చేస్తాయి. పూర్తిగా ఆవిరవ్వని క్లోరోఫాం కూడా చేస్తుంది. ఒకే కణానికి వందలాది ఫేజ్‌లు ఒక్కసారిగా అతుక్కుంటే, లోపల ఒక్క పిల్ల ఫేజ్ పుట్టకుండానే కణం గోడ చిల్లులుపడి పగిలిపోతుంది. ఆ మచ్చ దేనివల్ల వచ్చిందో తేల్చాలంటే దారి ఒక్కటే: పలచన చేయాలి, లెక్కపెట్టాలి.

మందులకు లొంగని బ్యాక్టీరియా 2019లో నేరుగా దాదాపు 12.7 లక్షల మరణాలకు కారణమైందని అంచనా. 1915లో ఫ్రెడరిక్ ట్వోర్ట్, 1917లో ఫెలిక్స్ డెరెల్ వివరించిన ఈ బ్యాక్టీరియా వైరస్‌ల వైపు ప్రపంచం మళ్లీ చూస్తున్నది అందుకే. చికిత్స కోసమైనా, బయోటెక్నాలజీ కోసమైనా మొదటి మెట్టు మాత్రం ఒకటే. ఒక్క ఫేజ్ వంశాన్ని కల్తీ లేకుండా చేతిలోకి తెచ్చుకోవాలి, మిల్లీలీటరుకు ఎన్ని ఉన్నాయో తెలుసుకోవాలి.

ఏ బ్యాక్టీరియాతో మొదలుపెట్టాలి?

నేర్చుకునేవారికి ఈ-కొలై కె-12 లేదా ఈ-కొలై సి సరిపోతాయి. రెండూ రోగం కలిగించని ప్రయోగశాల రకాలే. మా ఓటు ఈ-కొలై సి కే. బయటి డీఎన్ఏను ముక్కలు చేసే రిస్ట్రిక్షన్ ఎంజైముల ఏర్పాటు దీనిలో లేదు కనుక ఎక్కువ రకాల ఫేజ్‌లు ఇందులో పెరుగుతాయి. ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోండి. ఈ రెండింటి ఉపరితలం మీదా ఓ-యాంటిజెన్ చక్కెర గొలుసు ఉండదు, కాబట్టి దాన్నే పట్టుకునే ఫేజ్‌లు మీ ప్లేటు మీద కనబడవు. ఎం13 లాంటి దారపు ఫేజ్‌లు కావాలంటే ఎఫ్-పైలస్ (కణం మీది సన్నటి రోమం వంటి భాగం) ఉన్న రకం తీసుకోవాలి. రోగకారక బ్యాక్టీరియాతో చేసే పని కనీసం బయోసేఫ్టీ రెండో స్థాయి ప్రయోగశాలలో, శిక్షణ ఉన్నవారి చేతుల మీదుగానే జరగాలి. ఇక్కడ చెప్పే పద్ధతిలో తయారైన ద్రవం దేన్నీ మనిషికి ఇవ్వకూడదు. ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

మాధ్యమం, బఫర్

లీటరు నీటికి ట్రిప్టోన్ 10 గ్రాములు, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 5 గ్రాములు, ఉప్పు 10 గ్రాములు కలిపితే ఎల్‌బీ ద్రవం. తర్వాత చెప్పే రెండు పొరల ప్లేటులో అడుగు పొరకు లీటరుకు 15 గ్రాముల అగర్, పై పొరకు 6 గ్రాములు. ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడి ఆవిరితో క్రిములను చంపి) కాస్త చల్లారాక ఒక మోలార్ కాల్షియం క్లోరైడ్ ద్రావణాన్ని లీటరుకు 1 మి.లీ., ఒక మోలార్ మెగ్నీషియం సల్ఫేట్‌ను 10 మి.లీ. చేర్చండి. ముందే కలిపి వేడిచేస్తే కాల్షియం ఫాస్ఫేట్‌తో కలిసి తెల్లటి మడ్డిగా దిగిపోతుంది. చాలా ఫేజ్‌లకు కణానికి అతుక్కోవడానికి ఈ లోహ అయాన్లు కావాలి. "ఫేజ్ దొరకలేదు" అనే ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఇక్కడే ఉంటుంది.

ఫేజ్‌లను పలచన చేయడానికీ, దాచడానికీ ఎస్ఎం బఫర్ వాడండి. లీటరుకు ఉప్పు 5.8 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 2 గ్రాములు, పీహెచ్ 7.5 ఉన్న ఒక మోలార్ ట్రిస్ 50 మి.లీ., 2 శాతం జెలటిన్ ద్రావణం 5 మి.లీ. వట్టి స్వేదనజలంలో పలచన చేయవద్దు. ఉప్పు, మెగ్నీషియం లేని నీటిలో చాలా ఫేజ్‌ల తలలు నిలవవు, సంఖ్య మీ కళ్లముందే పడిపోతుంది.

నమూనా, పెంపకం

పేగు బ్యాక్టీరియాను తినే ఫేజ్‌లు మురుగునీటిలో సమృద్ధిగా ఉంటాయి. శుద్ధి కేంద్రంలోకి వచ్చే, ఇంకా క్లోరిన్ కలపని నీరు 50 మి.లీ. చాలు. ఆ నీటిలో రోగకారకాలూ ఉంటాయి కనుక చేతితొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. 5,000 జీ (గురుత్వాకర్షణకు 5,000 రెట్లు) దగ్గర 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, పై తేటను 0.22 మైక్రాన్ల పాలీఈథర్‌సల్ఫోన్ ఫిల్టరులోంచి పంపండి. నైట్రోసెల్యులోజ్ పొరకు ఫేజ్‌లు అతుక్కుపోతాయి, దాన్ని వాడకండి. పెద్ద తల ఉన్న ఫేజ్‌లు 0.22లో చిక్కుకుపోవచ్చు. వాటికోసం 0.45 వాడితే సన్నటి బ్యాక్టీరియా కూడా జారివస్తుంది, కనుక ఫిల్టరు ద్రవాన్ని మాత్రమే పోసిన ప్లేటు ఒకటి తప్పక పెట్టుకోండి.

ఈ ద్రవం 10 మి.లీ.కి రెట్టింపు చిక్కదనం ఉన్న ఎల్‌బీ 10 మి.లీ., రాత్రంతా పెరిగిన బ్యాక్టీరియా 200 మైక్రోలీటర్లు కలిపి, 37 డిగ్రీల దగ్గర ఊగే ఇంక్యుబేటరులో రాత్రంతా ఉంచండి. మర్నాడు మళ్లీ సెంట్రిఫ్యూజ్, మళ్లీ ఫిల్టరు. ఈ పెంపకం ఒక పక్షపాతం చూపిస్తుంది: త్వరగా పెరిగే ఫేజ్ మిగతావాటిని తొక్కేస్తుంది. వైవిధ్యం కావాలంటే పెంచని ఫిల్టరు ద్రవాన్నే 0.5 మి.లీ. చొప్పున కొన్ని ప్లేట్ల మీద నేరుగా పరీక్షించండి. తక్కువే దొరుకుతాయి, కానీ వేర్వేరువి దొరుకుతాయి.

ఫిల్టరుకు బదులు క్లోరోఫాం వాడేవారూ ఉన్నారు. ఒక శాతం కలిపి, బాగా కదిలించి, పది నిమిషాలు ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి పై పొర తీసుకోవాలి. పాలీస్టైరీన్ గొట్టాలను క్లోరోఫాం కరిగించేస్తుంది, పాలీప్రొపిలీన్ లేదా గాజు వాడండి. ఎం13కూ, కొవ్వు పొర ఉన్న ఫేజ్‌లకూ క్లోరోఫాం ప్రాణాంతకం.

రెండు పొరల ప్లేటు

మొత్తం పనిలో చేతి నైపుణ్యం అసలు కావలసింది ఇక్కడే. 90 మి.మీ. ప్లేటులో 20 మి.లీ. అడుగు అగర్ పోసి, గట్టిపడ్డాక మూత కాస్త తెరిచి లామినార్ ఫ్లో (వడకట్టిన గాలి వీచే పెట్టె) కింద 20 నిమిషాలు ఆరబెట్టండి. తడి మిగిలితే ఫేజ్ చేసే తేటమచ్చలు, అంటే ప్లాక్‌లు ఒకదానిలోకి ఒకటి పాకిపోతాయి. మరీ ఆరితే ఫేజ్‌లు వ్యాపించలేక ప్లాక్‌లు సూదిమొన అంత చిన్నవవుతాయి. పోసేముందు ప్లేట్లను 37 డిగ్రీలకు వెచ్చబెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన ప్లేటు మీద పై పొర పరుచుకోకముందే గడ్డకడుతుంది.

పై అగర్‌ను కరిగించి, గొట్టానికి 3.5 మి.లీ. చొప్పున 47 డిగ్రీల నీటితొట్టిలో ఉంచండి. 50 దాటితే బ్యాక్టీరియా చస్తుంది, 42కి దిగితే గడ్డలు కడుతుంది. వేరే చిన్న గొట్టంలో చురుగ్గా పెరుగుతున్న బ్యాక్టీరియా 200 మైక్రోలీటర్లు, ఫేజ్ పలచన ద్రవం 100 మైక్రోలీటర్లు కలిపి పది నిమిషాలు వదలండి. అతుక్కోవడానికి ఆ వ్యవధి కావాలి. బ్యాక్టీరియా సాంద్రత (ద్రవం ఎంత మబ్బుగా ఉందో కాంతితో కొలిచే అంకె) 600 నానోమీటర్ల దగ్గర 0.4 నుంచి 0.6 మధ్య ఉంటే మంచిది. ఈ మిశ్రమాన్ని అగర్‌లో వేసి, బుడగలు రాకుండా రెండుసార్లు తిప్పి, వెంటనే ప్లేటు మీద పోసి వాల్చండి. పావుగంట కదపకండి. తర్వాత బోర్లించి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. ఫేజ్ కలపని, బ్యాక్టీరియా మాత్రమే ఉన్న ప్లేటు ఒకటి ప్రతిసారీ ఉండాలి. దాని మీదా ప్లాక్‌లు వస్తే మీ బ్యాక్టీరియా నిల్వలోనే ఫేజ్ చేరిందన్నమాట.

లెక్క

900 మైక్రోలీటర్ల బఫర్‌లో 100 మైక్రోలీటర్ల ద్రవం కలపండి. కొత్త పిపెట్ టిప్‌తో అందులోంచి 100 తీసి తరువాతి గొట్టంలో వేయండి. ఇలా ఎనిమిది మెట్లు దిగాలి. టిప్ మార్చకపోతే అంటుకున్న ఫేజ్‌లు కిందివరకూ వచ్చి లెక్కను పెంచేస్తాయి. మొదట ప్రతి మెట్టు నుంచి 5 మైక్రోలీటర్ల చుక్క పెట్టి చూడండి. పలచన పెరిగేకొద్దీ తేటమచ్చ విడివిడి ప్లాక్‌లుగా విడిపోతే అది ఫేజ్. ప్లాక్‌లు అన్నవే రాకుండా మచ్చ మొత్తంగా మసకబారి మాయమైతే అది ఫేజ్ కాదు, లేదా ఆ బ్యాక్టీరియాలో పెరగలేని ఫేజ్.

30 నుంచి 300 ప్లాక్‌లున్న ప్లేటునే లెక్కించండి. పది లక్షల వంతు పలచన నుంచి 0.1 మి.లీ. వేస్తే 84 ప్లాక్‌లు వచ్చాయనుకుందాం. 84ను 0.1తో, 10⁻⁶తో భాగిస్తే మిల్లీలీటరుకు 8.4 × 10⁸. దీన్నే టైటర్ అంటారు.

శుద్ధి చేయడం

దూరంగా, ఒంటరిగా ఉన్న ప్లాక్ మధ్యలో టిప్ గుచ్చి, 500 మైక్రోలీటర్ల బఫర్‌లో ఒక గంట నాననివ్వండి. పలచన చేసి మళ్లీ ప్లేటు పోయండి. ఇలా వరసగా మూడుసార్లు, ప్లాక్‌లన్నీ ఒకే పరిమాణంలో, ఒకే రూపంలో వచ్చేదాకా చేయాలి. రెండోసారితో ఆపాలనిపిస్తుంది, ఆపకండి. ఒక ప్లాక్ చోట మరో ఫేజ్ దాగి ఉండటం అరుదేమీ కాదు.

మధ్యలో మసకగా ఉండే ప్లాక్‌లను అనుమానించండి. అవి లాంబ్డా వంటి సౌమ్య ఫేజ్‌లు కావచ్చు. చంపడానికి బదులు బ్యాక్టీరియా డీఎన్ఏలో కలిసిపోయి నిద్రపోతాయి, నిద్రపోయిన కణం అదే ఫేజ్‌కు లొంగదు. పైగా ఇలాంటివే విషపు జన్యువులను మోస్తాయి. కలరా విషం, షిగా విషం, డిఫ్తీరియా విషం మూడింటి జన్యువులూ ఫేజ్‌లలోనే ఉంటాయి. చికిత్సకు వీటిని తీసుకోరు.

నిల్వ ద్రవం తయారీ

50 మి.లీ. ఎల్‌బీలో బ్యాక్టీరియా సాంద్రత 0.2కు రాగానే మిల్లీలీటరుకు సుమారు 1.6 × 10⁸ కణాలు, మొత్తం 8 × 10⁹ ఉంటాయి. నూరు కణాలకు ఒక ఫేజ్ చొప్పున 8 × 10⁷ కావాలి. పై టైటర్ ప్రకారం 0.1 మి.లీ. చాలు. ఊపుతూ ఉంచితే కొన్ని గంటల్లో మబ్బుగా ఉన్న ద్రవం తేటబడి, దారపు తునకలు తేలుతాయి. ఆ దశలో ఆపండి. రాత్రంతా వదిలేస్తే ఫేజ్‌కు లొంగని కణాలు పెరిగి మళ్లీ మబ్బు కమ్ముతుంది.

మొదట్లోనే ఎక్కువ ఫేజ్ వేస్తే మేలనుకోవడం పొరపాటు. పిల్లలు పుట్టేది కణాల్లోనే కాబట్టి ముందు కణాలు పెరగనివ్వాలి. కణానికి సగటున ఒక ఫేజ్ పడినా 37 శాతం కణాలకు ఒక్కటీ అంటదు. ఐదు పడితే అంటనివి వెయ్యికి ఏడు. ఒకేసారి అన్నింటినీ సోకించాలనే ప్రయోగాలకే ఆ ఐదు.

ఏ రకాల మీద పనిచేస్తుంది?

కొత్త రకం మీద టైటర్‌ను పాత ఆతిథేయి (ఫేజ్‌ను పెంచిన బ్యాక్టీరియా) మీది టైటర్‌తో భాగించండి. పాతదాని మీద 8.4 × 10⁸ ఉండగా కొత్తదాని మీద 4.2 × 10⁶ వస్తే నిష్పత్తి 0.005. అంత తక్కువ ఎందుకో తెలియాలంటే కొత్త రకం మీద వచ్చిన ప్లాక్‌ను తీసి మళ్లీ దాని మీదే పోయండి. ఈసారి నిష్పత్తి ఒకటికి చేరి, పాత ఆతిథేయిలో ఒకసారి పెరిగాక తిరిగి పడిపోతే, అడ్డు రిస్ట్రిక్షన్ ఎంజైములది. పడిపోకుండా నిలిస్తే ఫేజ్‌లోనే మార్పు వచ్చింది.

బ్యాక్టీరియా ఫేజ్‌కూ లొంగకుండా పోతుంది, ఎక్కువగా ఫేజ్ పట్టుకునే గ్రాహకాన్ని మార్చుకుని. అందుకే వేర్వేరు గ్రాహకాలను పట్టుకునే రెండు మూడు ఫేజ్‌లను కలుపుతారు. ఒకే గ్రాహకం మీద ఆధారపడే ఐదు ఫేజ్‌ల మిశ్రమం ఒక్క మ్యుటేషన్‌తో కూలిపోతుంది. మరింత తెలివైన ఎంపిక 2016లో వెలువడిన ఓఎంకేఓ1 ఫేజ్ పనిలో కనిపిస్తుంది. అది సూడోమోనాస్ ఎరూజినోసాలో మందును బయటకు నెట్టే పంపు భాగాన్నే పట్టుకుంటుంది. ఫేజ్ నుంచి తప్పించుకోబోయి పంపును పాడుచేసుకున్న కణం తిరిగి యాంటీబయాటిక్‌కు దొరికిపోతుంది. ఫేజ్‌ను ఎంచేటప్పుడు చంపే శక్తినే కాక, తప్పించుకున్న కణం ఏం పోగొట్టుకుంటుందో కూడా చూడండి.

మనిషికి ఎందుకు ఇవ్వకూడదు?

మీ గొట్టంలో ఫేజ్‌తోపాటు పగిలిన ఈ-కొలై గోడల ఎండోటాక్సిన్ అనే విషం నిండుగా ఉంది. రక్తనాళంలోకి ఇచ్చే మందుకు గంటకు, కిలో బరువుకు 5 ఎండోటాక్సిన్ యూనిట్లే హద్దు. వడపోతతో అది పోదు. సీసియం క్లోరైడ్ గ్రేడియంట్, ఆక్టనాల్, అయాన్ మార్పిడి స్తంభం వంటి మెట్లు కావాలి. ఆపై జన్యుక్రమం చదివి ఇంటిగ్రేజ్ (ఫేజ్‌ను బ్యాక్టీరియా డీఎన్ఏలో చేర్చే ఎంజైము), విషం, మందుల నిరోధక జన్యువులు లేవని నిర్ధారించాలి. ఇదంతా అనుమతి ఉన్న తయారీ కేంద్రాల, వైద్యుల పని.

బయోటెక్నాలజీలో మాత్రం ఫేజ్ చాలాకాలంగా పనిముట్టే. డీఎన్ఏ ముక్కలను అతికించే టీ4 లైగేజ్, ఆర్ఎన్ఏ తయారుచేసే టీ7 పాలిమరేజ్ రెండూ ఫేజ్‌ల నుంచి వచ్చినవే. కోరిన ప్రోటీన్‌ను ఫేజ్ ఉపరితలం మీద మోయించే పద్ధతిగా 1985లో జార్జ్ స్మిత్ చూపిన ఫేజ్ డిస్‌ప్లేకు 2018 రసాయనశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది.

శుభ్రత, నిల్వ

బ్యాక్టీరియా పని, ఫేజ్ పని ఒకే బల్ల మీద చేయవద్దు. టీ1 లాంటివి ఎండిపోయినా బతికి, గాలి తుంపరలతో పొరుగువారి కల్చర్ల దాకా వెళతాయి. ఆల్కహాల్‌ను మాత్రమే నమ్మకండి. తాజాగా కలిపిన 0.5 శాతం హైపోక్లోరైట్‌తో తుడిచి పది నిమిషాలు ఉంచండి. ఫిల్టరు ఉన్న టిప్‌లు వాడండి, వ్యర్థాలను 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఆటోక్లేవ్ చేయండి.

శుద్ధమైన నిల్వను ఎస్ఎం బఫర్‌లో 4 డిగ్రీల దగ్గర, వెలుతురు తగలకుండా ఉంచండి. మరో భాగాన్ని 20 శాతం గ్లిసరాల్‌తో మైనస్ 80లో దాచండి. చీటీ మీద ఫేజ్ పేరు, ఆతిథేయి, టైటర్, టైటర్ చూసిన తేదీ రాయండి. వాడే ప్రతిసారీ, ఆ రోజే మళ్లీ టైటర్ తీయండి. కాలిన గాయాల్లోని సూడోమోనాస్ మీద జరిగిన ఫాగోబర్న్ క్లినికల్ పరీక్షలో ఫేజ్ మిశ్రమం నిల్వలోనే బలం కోల్పోయి, రోగులకు ఉద్దేశించినదానికంటే వేల రెట్లు తక్కువ మోతాదు అందింది.