వీఎం స్నాప్‌షాట్‌ను బ్యాకప్‌తో పాటు సురక్షితంగా వాడటం ఎలా?

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసు ఉందనుకుందాం. ఒకే సర్వర్ మీద రెండు వర్చువల్ మెషిన్లు (వీఎంలు), అంటే సాఫ్ట్‌వేర్ సాయంతో విడివిడి కంప్యూటర్లలా పనిచేసేవి, నడుస్తుంటాయి. ఒకదానిలో ట్యాలీ లెక్కలు, రెండోదానిలో వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్, దాని డేటాబేస్ ఉంటాయి. యాసంగి వడ్ల లారీలు కాంటా ముందు బారులు తీరిన రోజుల్లోనే ఆ సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్ వేయవలసి వస్తే, చెడితే వెనక్కి వెళ్లే దారిగా, మెషిన్ ఆ క్షణంలో ఉన్న స్థితిని పట్టి ఉంచే స్నాప్‌షాట్ ఎంతో అక్కరకు వస్తుంది. అయితే స్నాప్‌షాట్ ఉంది కదా అని బ్యాకప్‌ను వదిలేస్తే సీజన్ లెక్కలన్నీ పోయే ప్రమాదం ఉంది. ప్రత్యేకంగా ఐటీ సిబ్బంది లేని ఆఫీసులవారు కూడా పాటించగలిగే క్రమం ఇది.

ముందుగా లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలి. వర్చువల్ మెషిన్లను నడిపే సాఫ్ట్‌వేర్లయిన వీఎంవేర్‌లో గాని హైపర్-వీలో గాని స్నాప్‌షాట్ తీసిన క్షణం నుంచి అసలు డిస్క్ ఫైల్‌లో రాయడం ఆగిపోయి, కొత్త మార్పులన్నీ పక్కనే పుట్టిన మరో ఫైల్‌లోకి వెళ్తాయి. హైపర్-వీ దీన్నే చెక్‌పాయింట్ అంటుంది. ఈ కొత్త ఫైల్ ఒంటరిగా పనికిరాదు, అసలు ఫైల్ ఉంటేనే దానికి అర్థం ఉంటుంది. సాధారణంగా రెండూ ఒకే స్టోరేజ్‌లో ఉంటాయి కాబట్టి, హార్డ్ డిస్క్ చెడిపోయినా, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ హోస్ట్ (మెషిన్లను నడిపే అసలు సర్వర్) దాకా వచ్చినా రెండూ కలిసే పోతాయి.

1. మొదట బ్యాకప్ తీయండి. మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒక ప్రతి బయటి చోట అనే 3-2-1 పద్ధతి చిన్న ఆఫీసుకూ సరిపోతుంది. సర్వర్‌లో ఉన్నది ఒకటి, పని అయ్యాక వైరు తీసి బీరువాలో పెట్టే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒకటి, హైదరాబాద్ ఆఫీసులోనో క్లౌడ్‌లోనో మరొకటి ఉంటే చాలు. బ్యాకప్ ముగిసిందన్న సందేశం చూసి ఊరుకోకుండా, ఫైల్ తేదీని, సైజును కూడా చూడండి.

2. పాత స్నాప్‌షాట్లు ఉన్నాయేమో, ఖాళీ జాగా ఎంత ఉందో చూడండి. 200 జీబీ డిస్క్ ఉన్న మెషిన్‌కు మార్పుల ఫైల్ పెరుగుతూ పోతే దాదాపు 200 జీబీ వరకూ చేరగలదు; మెమరీతో సహా తీస్తే ర్యామ్ ఎంత ఉందో అంత జాగా అదనంగా కావాలి. స్టోరేజ్ నిండితే దానిమీద ఉన్న ఇతర మెషిన్లు కూడా ఆగిపోవచ్చు. చాలా బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు తమ పని కోసం తాత్కాలికంగా ఒక స్నాప్‌షాట్ తీసి, పని అయ్యాక తీసేస్తాయి. మధ్యలో కరెంటు పోతే అది అలాగే మిగిలిపోవచ్చు. అలా మిగిలినదాన్ని స్నాప్‌షాట్ మేనేజర్ నుంచే తొలగించాలి. ఫోల్డర్‌లోకి వెళ్లి ఆ ఫైళ్లను చేత్తో చెరపడం మాత్రం ఎన్నడూ చేయకండి, మెషిన్ మళ్లీ లేవకపోవచ్చు.

3. కాంటా దగ్గర ఎంట్రీలు ఆపించి స్నాప్‌షాట్ తీయండి. మెషిన్‌ను షట్‌డౌన్ చేసి తీయగలిగితే అంతకంటే మేలు లేదు. కుదరకపోతే, హైపర్-వీలో విండోస్ సర్వర్ 2016 నుంచి ఉన్న ప్రొడక్షన్ చెక్‌పాయింట్‌ను (లోపలి డేటా నిలకడగా ఉండేలా తీసే రకం) వాడండి. వీఎంవేర్‌లో అయితే మెషిన్ లోపల వీఎంవేర్ టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, డిస్క్ మీద రాతలను క్షణం నిలిపి స్నాప్‌షాట్ తీసే క్వయెస్ ఆప్షన్‌ను ఎంచుకోండి. పేరులో తేదీ, కారణం, ఎప్పుడు తీసేయాలన్నది రాయండి.

4. అప్‌డేట్ వేసి, వెంటనే పరీక్షించండి. ఒక లారీని తూచి, చీటీ ముద్రించి, ఆ బరువు లెక్కల్లోకి సరిగ్గా వచ్చిందో లేదో చూసి, ఆ తర్వాతే పని మొదలుపెట్టనివ్వాలి. ఇక్కడ తొందరపడకూడదని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే రివర్ట్ చేస్తే, అంటే స్నాప్‌షాట్ నాటి స్థితికి తీసుకెళ్తే, స్నాప్‌షాట్ తర్వాత రాసిన ప్రతి ఎంట్రీ పోతుంది. సాయంత్రం తప్పు బయటపడి వెనక్కి వెళ్తే, ఆ రోజు వడ్లు తెచ్చిన రైతుల తూకాలన్నీ లెక్కలో లేకుండా పోతాయి. తప్పనిసరై వెనక్కి వెళ్లవలసి వస్తే, ముందు ఆనాటి డేటాను ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.

5. అంతా బాగుంటే స్నాప్‌షాట్‌ను డిలీట్ చేయండి. డిలీట్ అనగానే చాలామంది కొత్త పని పోతుందని భయపడి నెలల తరబడి అలాగే ఉంచేస్తారు. నిజానికి డిలీట్ చేస్తే మార్పులు అసలు డిస్క్‌లో కలిసిపోయి, మెషిన్ ఇప్పుడున్న స్థితిలోనే కొనసాగుతుంది. పాత స్థితికి తీసుకెళ్లేది రివర్ట్. ఒక స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచవద్దని వీఎంవేర్ సూచిస్తుంది. అదే రాత్రి తీసేయడం ఇంకా మంచిది. కలిపే పని జరుగుతున్నంతసేపూ మెషిన్ మందగించవచ్చు, మధ్యలో ఆపకూడదు. గాలివానలకు కరెంటు పోయే ఏప్రిల్, మే నెలల్లో యూపీఎస్ బ్యాటరీ సరిగ్గా ఉందని చూసుకున్నాకే మొదలుపెట్టండి.

6. స్నాప్‌షాట్ జాబితా ఖాళీ అయ్యాక కొత్త బ్యాకప్ తీసి, దాన్ని వేరే పేరుతో రిస్టోర్ చేసి చూడండి. ఆన్ చేసే ముందు ఆ మెషిన్ నెట్‌వర్క్‌ను తప్పనిసరిగా డిస్‌కనెక్ట్ చేయాలి, లేకపోతే ఒకే ఐపీ అడ్రస్‌తో రెండు మెషిన్లు తగువు పడతాయి. లోపల డేటాబేస్ తెరిచి, చివరి తూకం చీటీ నంబరును, బరువును కాంటా గదిలోని కాగితపు చీటీతో సరిపోల్చండి.