క్లారినెట్, సాక్సాఫోన్, ఫ్లూటు, సన్నాయి వచ్చినవాళ్లు ఓబో నేర్చుకోవాలంటే

ఓబో అంటే సన్నాయిలా రెండు రేకుల రీడుతో ఊదే పాశ్చాత్య వాయిద్యం. బ్యాండులో ఏళ్ల తరబడి క్లారినెట్టో సాక్సాఫోనో వాయించిన చేతికి ఓబో కీలు రెండు మూడు వారాల్లో పట్టుబడతాయి. అంత త్వరగా లొంగనివి ఊపిరి, పెదవి, రీడు (ఊదే చోట ఉండే పల్చని రెల్లు రేకులు). అనుభవమున్నవాళ్లు మొదటి నెలలో విసుగెత్తి వదిలేసేది ఇక్కడే. వేళ్లు పరుగెత్తుతుంటాయి, నాదం వెనకబడుతుంది. కాబట్టి వేళ్లను కొన్నాళ్లు ఆపి ఉంచండి.

వాయిద్యం ఎంచుకునేటప్పుడు

రాయలసీమలో ఉండేవాళ్లు మొదటి ఓబోగా చెక్కది కాకుండా రెసిన్‌ది, అంటే గట్టి ప్లాస్టిక్ లాంటిది కొనడం మంచిది. మంచి ఓబోలు గ్రెనడిల్లా అనే ఆఫ్రికా నల్ల చెక్కతో చేస్తారు. లోపలి నుంచి వెచ్చని తడి ఊపిరి, బయటి నుంచి పొడిగాలి తగిలితే ఆ చెక్క లోపల ఉబ్బుతుంది, పైన బిగుసుకుంటుంది. అప్పుడు పగులు వస్తుంది. అది ఎక్కువగా పై భాగంలో, ట్రిల్ కీల (రెండు స్వరాలను వేగంగా మార్చి మార్చి పలికించే కీల) రంధ్రాల దగ్గర మొదలవుతుంది. అనంతపురం దేశంలోనే వాన తక్కువ పడే ప్రాంతాల్లో ఒకటి. కర్నూలు, కడప ఎండలు మే నెలలో 40 డిగ్రీలు దాటుతాయి. ఇలాంటి చోట చెక్క ఓబోను ఎండలో ఊరేగింపుకు తీసుకెళ్లకూడదు. రెసిన్‌కు ఈ బాధ లేదు.

పాతది కొంటుంటే ఎడమ చేతి ఎఫ్ కీ, కింది బి ఫ్లాట్ కీ ఉన్నాయో లేదో చూడండి. చవక రకాల్లో తరచూ ఎడమ ఎఫ్ ఉండదు. లేకపోయినా నేర్చుకోవచ్చు కానీ ఫ్లాట్లు ఎక్కువున్న స్కేళ్లలో ఇబ్బంది పడతారు. గాలి లీకు కూడా పరీక్షించండి. పై భాగం కింది చివరను అరచేతితో మూసి, రంధ్రాలన్నీ వేళ్లతో మూసి, పైనుంచి గాలి పీల్చండి. పట్టు కాసేపు నిలిస్తే ప్యాడ్లు (రంధ్రాలను మూసే మెత్తని బిళ్లలు) బాగున్నట్టు. వెంటనే జారిపోతే రిపేరు ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. కింది సి, బి స్వరాలు పలకకపోవడానికి చాలాసార్లు కారణం లీకే, వాయించేవారి లోపం కాదు. కీల మీద కనిపించే చిన్న స్క్రూలను మాత్రం తెలియకుండా తిప్పవద్దు. ఒకటి పావు చుట్టు తిరిగినా ఇంకో ప్యాడు మూసుకోవడం మానేస్తుంది.

రీడు

మొదట మీడియం సాఫ్ట్ రీడ్లు మూడు కొనండి. క్లారినెట్‌లో మూడో నంబరు వాడేవాళ్లు ఇక్కడా గట్టిదే కావాలంటారు. అది పొరపాటు, గట్టి ఓబో రీడు పెదవిని కొరకడం నేర్పుతుంది.

వాయించే ముందు రీడును గోరువెచ్చని నీళ్లలో 2 నుంచి 3 నిమిషాలు నిలబెట్టండి. రెల్లు భాగం మునిగితే చాలు, కింది కార్కు తడవకూడదు. నోట్లో పెట్టుకుని తడపడం క్లారినెట్ అలవాటు, ఇక్కడ అది సరిపోదు. ఎక్కువసేపు నానితే రీడు నోరు మరీ తెరుచుకుని ఊదడం బరువవుతుంది. అప్పుడు రెండు రేకులనూ బొటనవేలు, చూపుడు వేళ్లతో మెల్లగా నొక్కి పట్టుకోండి. మూసుకుపోయి ఉంటే తడిగా ఉన్నప్పుడే రెండు పక్కల అంచుల నుంచి నొక్కండి, తెరుచుకుంటుంది. మన ఎండాకాలంలో రీడు అరగంటలోనే ఆరిపోతుంది కాబట్టి మూత ఉన్న చిన్న సీసాలో నీళ్లు పక్కనే పెట్టుకోండి.

పక్కల నుంచి గాలి పోతోందని అనుమానం వస్తే రీడును నీళ్లలో ముంచి తీసి, అడుగు రంధ్రాన్ని వేలితో మూసి, కొన నుంచి ఊదండి. బుడగలు దారం చుట్టిన చోటికి కొంచెం పైన కనిపిస్తే, నల్లాలకు చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపును అక్కడ సాగదీసి రెండు చుట్లు చుట్టండి. హార్డ్‌వేర్ షాపులో ఎక్కడైనా దొరుకుతుంది.

మూడింటికీ నంబర్లు వేసి రోజుకొకటి వాడండి. మంచి రీడైనా ఇంచుమించు 10 నుంచి 15 గంటల వాయింపుకే బలం తగ్గుతుంది. గాలి ఆడే పెట్టెలో పెట్టండి, ప్లాస్టిక్ గొట్టంలో మూసేస్తే బూజు పడుతుంది.

రీడును ఓబోలోకి చివరిదాకా దించండి. శ్రుతి కలపడానికి క్లారినెట్ బ్యారెల్‌ను (మౌత్‌పీసు కింది గొట్టం ముక్కను) లాగినట్టు ఓబో రీడును బయటికి లాగకూడదు. లోపల ఖాళీ ఏర్పడితే పై స్వరాలు అదుపు తప్పుతాయి. శ్రుతి తేడాను పెదవితో, ఊపిరితో, చివరికి రీడు మార్చి సరిచేయాలి.

పెదవి, ఊపిరి

కింది పెదవి కింది పళ్ల మీదుగా, పై పెదవి పై పళ్ల మీదుగా లోపలికి మడవాలి. రీడు కొన మాత్రమే పెదవులు దాటి నోట్లోకి రావాలి. క్లారినెట్, సాక్సు వాళ్లకు పై పళ్లను మౌత్‌పీసు మీద ఆనించే అలవాటుంటుంది. వారం రోజులు మీ క్లారినెట్‌నే రెండు పెదవులూ మడిచి వాయించండి, కొరకడం తగ్గుతుంది. ఓబో ఒంటికి 40 నుంచి 45 డిగ్రీల కోణంలో ఉండాలి.

రీడు లోపలికి ఎక్కువ పోతే శ్రుతి పెరుగుతుంది, నాదం పదునెక్కుతుంది. తక్కువైతే తగ్గుతుంది. క్లారినెట్ వాళ్లకు సాధారణంగా శ్రుతి పైకి పోతుంది, కారణం కొరకడం. ఫ్లూటు వాళ్లకు కిందికి జారుతుంది, కారణం పొట్ట పట్టు లేని గాలి. సన్నాయి వాళ్లకు రెండు రేకుల రీడు కొత్త కాదు. పెదవితో స్వరాన్ని వంచడం, రంధ్రాన్ని సగం మూయడం వాళ్లకు ముందే వచ్చు, ఇది పెద్ద లాభం. కానీ సీవాళిని (సన్నాయి రీడును) పట్టినట్టు ఓబో రీడును లోతుగా పట్టకూడదు. ఊరంతా వినిపించాలన్న బలంతో ఊదినా రీడు మూసుకుంటుంది.

ఇప్పుడు అసలు కష్టం. రీడు నోరు మిల్లీమీటరు కూడా ఉండదు. ఊదిన గాలిలో బయటికి పోయేది కొంచెమే. ఊపిరి అయిపోయినట్టు అనిపిస్తుంది కానీ ఛాతీ నిండా వాడేసిన పాత గాలి ఉంటుంది. దాని మీదే కొత్తగా పీలిస్తే తల తిరుగుతుంది, ముఖం ఎర్రబడుతుంది. ఓబో వాళ్లు ముందు వదులుతారు, తర్వాత పీలుస్తారు. ఆది తాళంలో సాధన చేయండి. ఆరు అక్షరాలు ఒకే స్వరం నిలపాలి, ఏడో అక్షరంలో మిగిలిన గాలి పూర్తిగా వదలాలి, ఎనిమిదో అక్షరంలో పీల్చాలి. ఫ్లూటు వాళ్లకు ఇది అన్నిటికంటే వింతగా ఉంటుంది, వాళ్ల లెక్కలో గాలి ఎప్పుడూ చాలదు. ఓబోలో అది మిగిలిపోతుంది.

మొదటి పది రోజులు రీడు ఒక్కదాన్నే నోట్లో పెట్టి గరగరమని ఊదడం, తర్వాత బి, ఎ, జి మూడే స్వరాలు. ఒక్కోసారి 10 నుంచి 15 నిమిషాలు, రోజుకు మూడుసార్లు. పెదవి మూలల నుంచి గాలి జారుతుంటే ఆపేయండి. అలసిన పెదవితో చేసే సాధన కొరకడాన్నే గట్టిపరుస్తుంది.

వేళ్లు ఎక్కడ మోసం చేస్తాయి

ఓబో శంఖాకారపు గొట్టం. పై స్థాయికి మారేటప్పుడు క్లారినెట్‌లా పన్నెండో స్వరానికి కాకుండా ఎనిమిదో స్వరానికే ఎగురుతుంది. అందుకే రెండు స్థాయిల్లోనూ వేళ్లు దాదాపు ఒకటే. ఆరు వేళ్లూ మూస్తే డి, ఫ్లూటు, సాక్సు లాగే. క్లారినెట్‌లో పై స్థాయి వేళ్లు గుర్తుపెట్టుకుంటే చాలు. ఎడమ బొటనవేలికి మూయాల్సిన రంధ్రం లేదు. క్లారినెట్ అలవాటుతో అక్కడ నొక్కితే తగిలేది ఆక్టేవ్ కీయే, అంటే స్వరాన్ని పై స్థాయికి ఎగరేసే కీ.

ఎడమ మూడు వేళ్లకు కుడి చూపుడు వేలు కలిపితే ఫ్లూటు, సాక్సు, క్లారినెట్ పై స్థాయిలో ఎఫ్. ఓబోలో ఎఫ్ షార్ప్! ఎఫ్ కావాలంటే కుడి చూపుడు, మధ్య వేళ్లు మూసి, ఉంగరపు వేలితో ఎఫ్ కీ నొక్కాలి. డి, ఇ ఫ్లాట్ లాంటి స్వరాల నుంచి వస్తే ఆ వేలు ముందే రంధ్రం మీద ఉంటుంది, కీ మీదికి జరగలేదు. అప్పుడు ఫోర్క్ ఎఫ్ వాడండి. కుడి మధ్య వేలు ఎత్తి, చూపుడు, ఉంగరపు వేళ్లు ఉంచాలి. మధ్య స్థాయి సి కి రెండు చూపుడు వేళ్లు మాత్రమే.

పై స్థాయిలో సి షార్ప్, డి, ఇ ఫ్లాట్‌లకు ఎడమ చూపుడు వేలిని ఎత్తకుండా కిందికి దొర్లించి సగం రంధ్రం తెరవాలి. ఇ నుంచి జి షార్ప్ దాకా బొటనవేలి ఆక్టేవ్ కీ. ఎ నుంచి సి దాకా పక్క ఆక్టేవ్ కీ, దాన్ని ఎడమ చూపుడు వేలి పక్క భాగంతో నొక్కుతారు. ఆ పైవి ఆరు నెలల తర్వాత చూసుకోవచ్చు.

ఈ వేళ్ల మార్పుల సాధనకు డి ని షడ్జమంగా పెట్టుకుని, అంటే 2 శ్రుతికి, తంబూర యాప్ మీద మాయామాళవగౌళ సరళీ స్వరాలు వాయించండి. డి, ఇ ఫ్లాట్, ఎఫ్ షార్ప్, జి, ఎ, బి ఫ్లాట్, సి షార్ప్, డి. నిషాదం దగ్గర వేళ్లన్నీ ఒకేసారి దిగి, చూపుడు వేలు దొర్లాలి. అక్కడే చిన్న తప్పుడు స్వరం వినిపిస్తుంది. ఆ రెండు స్వరాల మధ్యే తిరుగుతూ అది పోయేదాకా వాయించండి. బి ఫ్లాట్ క్లారినెట్ వాళ్లకు ఇంకో మాట: ఓబోలో రాసిన సి నిజంగా సి యే పలుకుతుంది, పాత బ్యాండు కాగితం చూసి వాయిస్తే పాట ఒక స్వరం పైకి పోతుంది.

తుడవడం, దాచడం

వాయించిన వెంటనే పట్టు గుడ్డతో తుడవండి. గంట (వెడల్పైన కింది చివర) వైపు నుంచి వేసి పైకి లాగాలి, ఎందుకంటే గొట్టం పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ధర్మవరం చీర ముక్క ఈ పనికి పనికిరాదు, మందానికి ఇరుక్కుంటుంది. పల్చని పట్టు కావాలి, గుడ్డకు రెండు చివర్లా దారం ఉండాలి. ఇరుక్కుంటే రెండో దారంతో వెనక్కి లాగొచ్చు. వాయిస్తుండగా ఒక స్వరం గులగులమంటే ఆ రంధ్రంలో నీళ్లు చేరినట్టు. సిగరెట్ కాగితాన్ని ప్యాడు కింద పెట్టి మెల్లగా మూసి పీల్పించండి.

చెక్క ఓబో ఉన్నవాళ్లు కొత్తలో రోజుకు 15 నిమిషాలకు మించి వాయించకుండా కొన్ని వారాలు అలవాటు చేయాలి. పెట్టెలో తేమ 45 నుంచి 60 శాతం ఉండాలి. రంధ్రాలు చేసిన సబ్బుపెట్టెలో పిండిన స్పాంజి పెడితే సరిపోతుంది, కొలవడానికి చిన్న తేమమీటరు పక్కన ఉంచండి. ఏసీ హాల్లో వాయించే ముందు పై భాగాన్ని చంకలో కాసేపు వెచ్చబెట్టండి. ఎండలో ఆపిన కారులో, బండి డిక్కీలో చెక్కదైనా రెసిన్‌దైనా వదలకండి, ప్యాడ్ల బంక మెత్తబడుతుంది. ప్యాడ్లు మార్పించాల్సి వస్తే అనంతపురం వాళ్లకు బెంగళూరు, కర్నూలు వాళ్లకు హైదరాబాదు, కడప వాళ్లకు చెన్నై లేదా బెంగళూరు దగ్గర. బయలుదేరే ముందు ఓబో చేస్తారా అని ఫోనులో అడగండి. క్లారినెట్ చేసే ప్రతివాళ్లూ ఓబో ముట్టుకోరు.