ఆస్ట్రేలియా స్కిల్డ్ వీసాకి మీరే అప్లై చేసుకోవడం ఎలా (మన తెలుగుకి కూడా 5 పాయింట్లు ఉన్నాయి)

నెలకి ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేసి అడుగుతారు, "అన్నా ఆస్ట్రేలియా పీఆర్ కి మొత్తం ఎంతవుద్ది, నువ్వు ఎవరి దగ్గర చేయించావు" అని. పీఆర్ అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి. ఎవరి దగ్గరా చేయించలా, నేనే చేసుకున్నా, మధ్యలో ఒకటి రెండు చోట్ల బొక్కబోర్లా పడ్డా కూడా, అందుకే అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నా. ఎంతవుద్ది అనేది తర్వాత, ముందు అడగాల్సింది, వయసు, చదువు, ఇంగ్లీష్ లాంటివాటికి వాళ్ళిచ్చే పాయింట్లలో మీరు ఎన్ని కాగితం మీద చూపించగలరు అని. నోటితో చెప్పే పాయింట్లు కాదు, చూపించగలిగినవి.

వీసాలు మూడు రకాలు గుర్తుంచుకోండి చాలు. 189 అంటే ఎవరి సపోర్టూ లేకుండా నేరుగా పీఆర్. 190 అంటే ఏదో ఒక రాష్ట్రం మిమ్మల్ని నామినేట్ చేస్తుంది, దానికి 5 పాయింట్లు కలుస్తాయి, ఇదీ పీఆరే. 491 అంటే రీజినల్, 15 పాయింట్లు కలుస్తాయి కానీ ఇది ఐదేళ్ళ వీసా, మూడేళ్ళు అక్కడుండి పనిచేసి టాక్స్ లెక్కలు చూపిస్తే అప్పుడు 191 అనే వీసా మీద పీఆర్. రీజినల్ అనగానే మనోళ్ళు ఏదో అడవిలో పల్లెటూరు అనుకుని భయపడతారు, సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ ఈ మూడూ తప్ప మిగతాదంతా రీజినలే, అడిలైడ్, పెర్త్ కూడా అందులోనే వస్తాయి. నేను వచ్చింది 491 మీదే, ఇంటి వెనకే ఇండియన్ స్టోర్, గోంగూర కూడా దొరుకుద్ది.

ఇవి కాక 482 అని ఇంకోటి ఉంది, దాన్ని 2024 డిసెంబర్ నుంచి స్కిల్స్ ఇన్ డిమాండ్ అంటున్నారు, అది కంపెనీ స్పాన్సర్ చేస్తేనే. దాని గురించి ఒక్కటే చెప్తా, ఎవడైనా "పదిహేను లక్షలివ్వండి స్పాన్సర్‌షిప్ ఇప్పిస్తా" అంటే అటునుంచి అటే వెళ్ళిపోండి. స్పాన్సర్‌షిప్ కోసం డబ్బు తీసుకోవడమూ ఇవ్వడమూ రెండూ అక్కడ చట్టప్రకారం తప్పు, 2015 డిసెంబర్ నుంచి ఉంది ఆ రూలు.

ఇక పాయింట్ల లెక్క. రూలు ప్రకారం 65 ఉంటే క్వాలిఫై, కానీ ఐటీ వాళ్ళు 65 పెట్టుకుని 189 కి ఎదురుచూడటం అంటే జనరల్ బోగీ టికెట్ తో ఏసీలో సీటు అడిగినట్టే. వయసు 25 నుంచి 32 మధ్య అయితే 30, 33 నిండిన రోజే అది 25 అయిపోద్ది, 40 నిండితే 15, 45 నిండితే వీసాకి అప్లై చేసుకోమనే పిలుపే రాదు. డిగ్రీ అయినా బీటెక్ అయినా ఎంటెక్ అయినా 15, పీహెచ్‌డీకి 20. ఇండియాలో ఎక్స్‌పీరియన్స్ మూడేళ్ళకి 5, ఐదేళ్ళకి 10, ఎనిమిదేళ్ళకి 15. ఇంగ్లీష్ లో ఐఈఎల్‌టీఎస్ నాలుగింటిలోనూ 7 వస్తే 10, నాలుగింటిలోనూ 8 వస్తే 20. ఒక్కదాంట్లో అర తగ్గినా కింది మెట్టే. పీటీఈ అనే ఇంకో ఇంగ్లీష్ టెస్ట్ రాసేవాళ్ళు జాగ్రత్త, ఇదివరకు అన్నింట్లో 79 వస్తే 20 పాయింట్లు వచ్చేవి, 2025 ఆగస్టు 7 నుంచి రాసిన టెస్టులకి స్కోర్లు మార్చేశారు, ఇప్పుడు స్పీకింగ్ లో 88, రైటింగ్ లో 85 కావాలి, లిజనింగ్, రీడింగ్ మాత్రం తగ్గించారు. పాత యూట్యూబ్ వీడియోలు చూసి 79 టార్గెట్ పెట్టుకోవద్దు.

పెళ్ళి విషయం కొంచెం నవ్వొస్తది. పెళ్ళి కాకపోతే 10 పాయింట్లు ఊరికే ఇస్తారు. పెళ్ళయితే ఆ 10 కావాలంటే మీ భార్యో భర్తో 45 లోపు ఉండి, వాళ్ళకీ, చదువూ పనీ సరిపోతాయో లేదో ఒక సంస్థ తేల్చే, స్కిల్ అసెస్‌మెంట్ అయి, ఇంగ్లీష్ లో 6 చొప్పున రావాలి. ఇంగ్లీష్ ఒక్కటే ఉంటే 5. అందుకే ఇద్దరూ కలిసి టెస్ట్ రాయడం మొదటి రోజే ప్లాన్ చేసుకోండి, మా ఆవిడ "నాకెందుకు పరీక్ష, నువ్వు కదా అప్లై చేసేది" అని ఆరు నెలలు వాయిదా వేసింది, ఆ ఆరు నెలల్లో నాకు 33 వచ్చేసింది. ఐదు పాయింట్లు వచ్చేలోపు ఐదు పాయింట్లు పోయాయి, లెక్క సరిపోయింది.

ఇప్పుడు చాలామందికి తెలీని సంగతి. నాటి (NAATI) అని ఒక సంస్థ సీసీఎల్ అనే టెస్ట్ పెడుతుంది, అందులో తెలుగు ఉంది, పాసైతే 5 పాయింట్లు. ఆన్‌లైన్ లోనే, ఇంట్లో కూర్చుని రాయొచ్చు, రాయడం కూడా కాదు మాట్లాడటమే. రెండు సంభాషణలు వినిపిస్తారు, ఒకరు ఇంగ్లీష్ లో మాట్లాడతారు, ఇంకొకరు తెలుగులో, మీరు మధ్యలో దుబాసీ లాగా ఇటుది అటు, అటుది ఇటు చెప్పాలి. ఒక్కోదానికి 45 మార్కులు, మొత్తం 90 కి 63 రావాలి, పైగా ఏ ఒక్కదాంట్లోనూ 29 కి తగ్గకూడదు. "తెలుగే కదా ఏముంది" అని ప్రాక్టీస్ లేకుండా వెళ్ళా నేను, ఫెయిల్. ఎందుకంటే ఆ ముక్కలు హాస్పిటల్ లో నర్సు, కోర్టులో లాయరు, సెంటర్‌లింక్ అనే ప్రభుత్వ సాయం ఇచ్చే ఆఫీసులో గుమస్తా మాట్లాడేవి. "మీ ఆదాయం ఈ పరిమితి కంటే తక్కువుంటే మీకు రాయితీ కార్డు వస్తుంది, కానీ మూడు నెలలకోసారి వివరాలు ఇవ్వకపోతే ఆపేస్తారు" ఇలాంటి ముప్ఫై మాటల వాక్యం ఇంగ్లీష్ లో ఒకసారి వినిపిస్తది, వెంటనే మీరు తెలుగులో చెప్పాలి, నా నోటికి "రాయితీ" అన్న మాట రాలా, "డిస్కౌంట్ లాంటి కార్డు" అన్నా, మూడు నెలల సంగతి మింగేశా. మనం రోజూ మాట్లాడే మాటల్లో సగం ఇంగ్లీషే కదా, అందరూ వాడే డాక్టర్, బ్యాంక్ లాంటివి పర్వాలేదు, కానీ తెలుగు మాట ఉన్నచోట తడబడితే మార్కులు కోస్తారు, ఒక్క సంగతి వదిలేసినా కోస్తారు. రెండోసారికి నేను చేసింది ఏంటంటే పొద్దున్నే తెలుగు పేపర్ బయటికి చదివి ఇంగ్లీష్ లో చెప్పుకోవడం, జామీను, వాయిదా, పూచీకత్తు, రక్తపోటు, మూత్రపిండాలు, తనఖా ఇలాంటివి నోట్‌బుక్ లో రాసుకోవడం, ఇంకా కాగితం మీద గుర్తులతో నోట్స్ తీసుకోవడం, అంకెలు పేర్లు మాత్రం పూర్తిగా రాసుకోవాలి. నెల రోజులు రోజుకి గంట చేస్తే వచ్చేస్తది, డబ్బులు పోసి కోచింగ్ అక్కర్లేదని నా అభిప్రాయం, మా అమ్మకి ఫోన్ చేసి ఆమె చెప్పేది మనసులో ఇంగ్లీష్ చేసుకుంటూ కూడా ప్రాక్టీస్ చేశా.

తర్వాతది స్కిల్ అసెస్‌మెంట్, ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఇది చేసే సంస్థ ఉద్యోగాన్ని బట్టి మారుద్ది, ఐటీ వాళ్ళకి ఏసీఎస్, మిగతా ఇంజినీర్లకి ఇంజినీర్స్ ఆస్ట్రేలియా, నర్సులకి అన్మాక్, ఇంకా చాలా ఉద్యోగాలకి వెటాసెస్. నాకు బాగా తెలిసింది ఏసీఎస్. మీరు కంప్యూటర్ సైన్స్ చదివి అదే పని చేస్తుంటే మామూలుగా మీ ఎక్స్‌పీరియన్స్ లో మొదటి రెండేళ్ళు కోసేస్తారు, చదువుకీ పనికీ సంబంధం తగ్గేకొద్దీ కోత పెరుగుద్ది. 2017 జూన్ లో చేరి 2025 జూన్ దాకా ఎనిమిదేళ్ళు చేశాను, నాకు 15 పాయింట్లు అని కూర్చుంటారు, రెండేళ్ళు పోతే ఆరే, అంటే 10. ఏసీఎస్ లెటర్ లో "ఫలానా నెల తర్వాత" అని రాసి ఉంటది, ఆ తర్వాతదే లెక్క. మెకానికల్, సివిల్ చదివి సాఫ్ట్‌వేర్ లోకి వచ్చినవాళ్ళకి ఆర్‌పీఎల్ అని వేరే దారి, రెండు ప్రాజెక్టు రిపోర్టులు సొంతంగా రాయాలి. ఎవరిదో కాపీ కొడితే దొరికిపోతారు, వాళ్ళకి సాఫ్ట్‌వేర్ ఉంది.

కంపెనీ నుంచి కావల్సింది మామూలు రిలీవింగ్ లెటర్ కాదు. లెటర్‌హెడ్ మీద చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, ఫుల్ టైమ్ అన్న మాట, మీరు చేసిన పనులు వివరంగా, సంతకం పెట్టినవాళ్ళ పేరు, ఫోన్, మెయిల్ అన్నీ ఉండాలి. మా పాత కంపెనీ హెచ్ఆర్ "మా పాలసీ ప్రకారం రోల్స్ రాయం" అని చేతులెత్తేసింది, అలాంటప్పుడు మీ మేనేజరో, తోటి సీనియరో స్టాంప్ పేపర్ మీద అఫిడవిట్ లాగా రాసి నోటరీ చేయించి ఇవ్వొచ్చు, దానికి తోడు పేస్లిప్పులు, ఫారం 16, బ్యాంక్ స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్ పెట్టాలి. ఉద్యోగంలో ఉన్నప్పుడే మేనేజర్ తో మంచిగా ఉండి ఈ లెటర్ తీసి పెట్టుకోండి, మానేసిన నాలుగేళ్ళకి అడిగితే ఆయన నంబరే కలవదు. యూనివర్సిటీ నుంచి ఒరిజినల్ డిగ్రీ ఇంతవరకు తీసుకోనివాళ్ళు మనలో బోలెడుమంది, ప్రొవిజినల్ తోనే ఉద్యోగాలు చేసేస్తుంటాం, అది ఈ వారమే అప్లై చేయండి.

పేర్ల గొడవ ఒకటి మనకి ప్రత్యేకం. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, బీటెక్ లో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్ట్ లో ముందుది వెనక్కి, పీఎఫ్ లో ఇంకోలా. అన్నీ ఒకే మనిషివని అఫిడవిట్ ఒకటి చేయించి పెట్టుకుంటే సరిపోద్ది, పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ళకైతే ఇది తప్పనిసరి.

ఇవన్నీ చేతిలో ఉన్నాక స్కిల్‌సెలెక్ట్ అనే ప్రభుత్వ సైట్ లో ఈఓఐ, అంటే నాకు వీసా మీద ఆసక్తి ఉందని చెప్పే ఫారం, వేయాలి, ఇది ఫ్రీ, రెండేళ్ళు ఉంటది. ఏసీఎస్ కోసేసిన రెండేళ్ళని అదే కంపెనీ అయినా సరే విడిగా ఒక ఎంట్రీ వేసి "సంబంధం లేదు" అని టిక్ పెట్టండి, మిగతాది రెండో ఎంట్రీ. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగానికి చివరి తేదీ ఖాళీ వదిలేస్తే ఐదేళ్ళు నిండగానే పాయింట్లు అదే పెంచుకుంటది. ఇక్కడ తొందరపడి ఒక పాయింటు ఎక్కువ చూపించారో, పిలుపొచ్చాక దాన్ని రుజువు చేయలేకపోతే వీసా రిజెక్ట్, కట్టిన ఫీజు వెనక్కి రాదు, ఒక్కరికే దాదాపు 5 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు అది, ప్రతి జులైలో పెరుగుతూనే ఉంటది. భార్య లేదా భర్తకి అందులో సగం. ఇక దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ గురించి నన్నడగొద్దు, దొరికితే మూడేళ్ళ బ్యాన్, మీ ఒక్కరికే కాదు ఫైల్ లో ఉన్న ఇంట్లోవాళ్ళకి కూడా. కన్సల్టెన్సీ కావాలనే అనుకుంటే వాళ్ళని మారా నంబర్, అంటే వీసా ఏజెంట్లకి అక్కడి ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్, అడగండి, ఏడంకెలుంటది, మారా సైట్ లో పేరు కొట్టి చూసుకోవచ్చు. అడిగితే మాట మార్చేవాళ్ళకి డబ్బు కట్టొద్దు.

పిలుపు వచ్చాక 60 రోజులే టైమ్. ఇమ్మీఅకౌంట్ అనే వాళ్ళ సైట్ లో అప్లికేషన్ వేసి ఫీజు కట్టి, అన్ని పేపర్లూ కలర్ స్కాన్ లు పెట్టేయాలి. మెడికల్ టెస్ట్ కి హ్యాప్ ఐడీ అనే నంబర్ వస్తది, అది పట్టుకుని వాళ్ళ లిస్ట్ లో ఉన్న డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి, మీ వీధి ల్యాబ్ లో చేయించిన ఎక్స్‌రే పనికిరాదు. పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) పాస్‌పోర్ట్ సేవా సైట్ లో బుక్ చేసుకోవచ్చు, స్టేషన్ నుంచి వెరిఫికేషన్ వస్తే అడ్రస్ దగ్గర ఉండేలా చూసుకోండి. గత పదేళ్ళలో ఏ దేశంలోనైనా మొత్తం 12 నెలలు ఉండి ఉంటే ఆ దేశం పీసీసీ కూడా కావాలి, విడివిడిగా ఉన్న నెలలు కూడా కలుపుతారు.

మేం సరిగ్గా ఇక్కడే మర్చిపోయాం. మా ఆవిడ పెళ్ళికి ముందు దుబాయ్ లో రెండు విడతలుగా 14 నెలలు పనిచేసింది, ఫారం 80 అని మన పూర్తి వివరాలు రాసే ఫారం లో రాశాం కానీ పీసీసీ పెట్టలా. కేస్ ఆఫీసర్ అడుగుతూ మెయిల్ పెట్టాడు, జవాబుకి 28 రోజులు, ఆ మెయిల్ స్పామ్ లో పడింది, నేను చూసింది 19వ రోజు. ఆ తొమ్మిది రోజులు దుబాయ్ లో ఉన్న మా తోడల్లుడికి రోజుకి నాలుగు ఫోన్లు. అప్లై చేసిన రోజు నుంచి రోజూ ఒకసారి స్పామ్ ఫోల్డర్, ఒకసారి ఇమ్మీఅకౌంట్ తెరిచి చూడండి.