న్యూజెర్సీలో పాత ఇల్లు: నేలలోని ఆయిల్ ట్యాంకు లీకైతే ఎన్‌ఎఫ్‌ఏ లేఖకు దరఖాస్తు విధానం

ఎడిసన్, ఐస్లిన్ చుట్టుపక్కల పాత ఇల్లు కొనే తెలుగువాళ్లు పైకప్పు చూస్తారు, బడి చూస్తారు, వాస్తు కూడా చూస్తారు. పెరటి నేలలో ఏముందో చూసేవాళ్లు తక్కువ. గ్యాసు లైను రాకముందు ఈ ఇళ్లలో చాలావాటికి చలికాలపు వెచ్చదనం హీటింగ్ ఆయిల్‌దే. ఆ నూనె నిలవ ఉంచిన ఉక్కు ట్యాంకులను గ్యాసు వచ్చాక చాలామంది మట్టిలోనే వదిలేశారు. అవి తుప్పు పట్టి చిల్లు పడితే నూనె నేలలోకి దిగుతుంది.

నూనె కార్చింది పాత యజమానే కావచ్చు. అయినా నూనె, రసాయనాలు ఒలికితే వర్తించే 1976 నాటి న్యూజెర్సీ స్పిల్ చట్టం ప్రకారం, 1993 సెప్టెంబరు 14 తర్వాత కొన్నవారు లీకు సంగతి తెలిసి కొన్నా, విచారిస్తే తెలిసేదే అయినా, శుభ్రం చేయించే బాధ్యత వారి మీదా పడుతుంది. లీకైన చోట శుభ్రం పూర్తయింది, ఇక చేయాల్సిందేమీ లేదని రాష్ట్రం ఇచ్చే కాగితమే ఎన్‌ఎఫ్‌ఏ లేఖ. కాబట్టి దాని దరఖాస్తు కంటే ముందు వెతుకులాట.

బేస్‌మెంట్ గోడ మీద టార్చి వేసి చూడండి. పెన్సిలంత లావు రాగి గొట్టాలు రెండు పక్కపక్కనే కోసేసి, కొసలు నొక్కేసి ఉన్నాయంటే ఒకప్పుడు అటునుంచి నూనె వచ్చేదని అర్థం. గొట్టాలు లేకున్నా, ఆ ఎత్తులో గోడకు వేరే రంగు సిమెంటు మాటు కనిపిస్తే అనుమానించండి. బయట పొదల చాటున నేలలోంచి లేచిన ఇనుప గొట్టం ఉందేమో చూడండి. ఆ తర్వాత మున్సిపల్ క్లర్కుకు ఓప్రా చట్టం (ప్రభుత్వ రికార్డులు అడిగే హక్కు ఇచ్చేది) కింద అర్జీ పెట్టండి. చిరునామాతో పాటు ఆ స్థలాన్ని గుర్తించే బ్లాకు, లాట్ నంబర్లు రాసి, ట్యాంకుకు సంబంధించిన పర్మిట్లు, తనిఖీ కాగితాలు అన్నీ కావాలని అడగండి. సాధారణంగా ఏడు పనిదినాల్లో జవాబు రావాలి. లోహాన్ని పసిగట్టే పరికరంతో పెరడంతా గాలించే ట్యాంక్ స్వీప్ కూడా చేయించండి. కొనుగోలు ఒప్పందం మీద లాయరు సమీక్షకు ఉండేది మూడు పనిదినాలే. ట్యాంకు షరతు ఆలోపే రాయించాలి.

ట్యాంకు దొరికితే క్లోజింగ్‌కు (ఇల్లు మీ పేరుకు మారే రోజుకు) ముందే, అమ్మేవారి ఖర్చుతో తీయించడం మేలు. మున్సిపాలిటీ నిర్మాణ విభాగంలో పర్మిట్‌కు కాంట్రాక్టరే దరఖాస్తు చేస్తారు. తీసే రోజు వీలైతే దగ్గరుండండి. ట్యాంకును పైకి లేపి, అంటిన మట్టిని గీకేసి చూస్తారు. తుప్పు పెచ్చు ఊడినచోట చిటికెన వేలంత చిల్లు కనబడినా, గుంతలో మట్టి నల్లబడి నూనె వాసన కొట్టినా, వ్యవహారం మున్సిపాలిటీని దాటి రాష్ట్ర పర్యావరణ శాఖ డీఈపీకి వెళ్తుంది.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. లీకు కాని ట్యాంకుకు డీఈపీ ‘నో ఫర్దర్ యాక్షన్’ లేఖ, అంటే ఎన్‌ఎఫ్‌ఏ, ఇవ్వదు. మున్సిపల్ ఆమోదమే దానికి కాగితం. అలాంటి ఇంటికి ఎన్‌ఎఫ్‌ఏ కావాలని పట్టుబట్టి లాభం లేదు. లీకైన ట్యాంకుకు మాత్రం మున్సిపల్ ఆమోదం ఒక్కటే చూపించి ‘అంతా అయిపోయింది’ అంటే నమ్మకండి.

లీకు కనిపించిన వెంటనే డీఈపీ హాట్‌లైన్ 1-877-927-6337కు ఫోను చేయాలి. ఇది 24 గంటలూ పనిచేస్తుంది. మాట్లాడాక ఇన్సిడెంట్ నంబరు అడిగి తీసుకోండి. సంవత్సరం, నెల, తేదీ, సమయం వరసగా కూర్చిన ఆ అంకెలు ఇకపై ప్రతి కాగితం మీదా ఉండాలి. నమూనాలు తీసేదాకా గుంత పూడ్చనివ్వకండి. పూడ్చాక మళ్లీ తవ్వించాలంటే అదనపు ఖర్చు.

తర్వాతి పని డీఈపీ ధ్రువీకరణ ఉన్న సబ్‌సర్ఫేస్ ఇవాల్యుయేటర్‌ది, అంటే నేల అడుగున కాలుష్యాన్ని అంచనా వేసే నిపుణుడిది. పాడైన మట్టిని తవ్వించి, గుంత అడుగు నుంచీ పక్కల నుంచీ నమూనాలు తీసి, రాష్ట్రం గుర్తించిన ల్యాబుకు పంపుతారు. మట్టిలో పెట్రోలియం హైడ్రోకార్బన్లు ఎంతున్నాయో మొదట కొలుస్తారు. మోతాదు ఎక్కువైతే నాఫ్తలీన్ వంటివాటికీ పరీక్ష ఉంటుంది. నూనె భూగర్భజలం దాకా వెళ్లిందంటే బోర్లు వేసి నీటినీ పరీక్షించాలి. అప్పుడు ఖర్చూ కాలమూ చేయి దాటిపోతాయి.

దరఖాస్తు అంటే నిజానికి ఆ ఇవాల్యుయేటర్ తయారుచేసే నివేదికే. నిర్ణీత ఫారం, 400 డాలర్ల సమీక్ష రుసుము, నమూనాల చోట్లు గుర్తించిన పటం, ల్యాబు ఫలితాలు, మట్టిని పారబోసిన రశీదులు జతచేసి ట్రెంటన్‌లోని డీఈపీకి పంపుతారు. సంతకం పెట్టే ముందు మీరూ ఒకసారి చదవండి. తవ్వామన్న మట్టికీ రశీదుల్లోని టన్నులకూ పొంతన ఉందా, బ్లాకు, లాట్ నంబర్లు దస్తావేజులో ఉన్నవేనా సరిచూసుకోండి. ఇలాంటి తేడాలుంటే ప్రశ్నలు వస్తాయి, ఫైలు కదలదు.

లేఖ చేతికి రాకముందే క్లోజింగ్ తేదీ వచ్చిపడితే, అమ్మేవారి సొమ్ములో కొంత ఎస్క్రోలో (మూడోవారి దగ్గర ఉంచే ఖాతాలో) ఆపి, ఎన్‌ఎఫ్‌ఏ అందాకే విడుదల చేసేలా లాయరు చేత రాయించుకోండి.