సీరియల్ రాద్దాం – 5వ పాఠం: ట్రంకు పెట్టెలో ఏముంది?

పోయిన పాఠంలో మొదటి ఎపిసోడ్ రాసి పెట్టుకోమన్నాను కదా. రాసినవాళ్లు దాన్ని పక్కన పెట్టండి. రాయనివాళ్లు అదృష్టవంతులు, ఎందుకంటే ఈ పాఠం అయ్యాక అందరూ దాన్ని మళ్లీ మొదట్నుంచి రాయాల్సిందే. ఈ వారం పని చివరి ఎపిసోడ్. అవును, ఇంకా రెండోది కూడా రాయకుండానే.

ముందు నా పరువు నేనే తీసుకునే కథ ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట యూసుఫ్‌గూడలో ఓ రెండు గదుల ఫ్లాట్లో నలుగురం కూర్చుని ఒక డైలీ సీరియల్‌కి కథ వండేవాళ్లం. ఓసారి శుక్రవారం ఎపిసోడ్‌కి హుక్ (తర్వాతి ఎపిసోడ్ కోసం జనం ఎదురుచూసేలా చివర్లో వేసే ముడి) దొరకలేదు. మాది సోమవారం నుంచి శుక్రవారం దాకా వచ్చే సీరియల్, మధ్యలో రెండు రోజులు ఖాళీ, కాబట్టి శుక్రవారం హుక్ గట్టిగా పడాలి. సాయంత్రం నాలుగైంది, తెల్లారితే షూటింగ్, సీన్ పేపర్ల కోసం మేనేజర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అప్పుడు మాలో ఒకడు, ‘అత్తగారు అటక మీంచి ట్రంకు పెట్టె దింపి, తాళం తీయబోతుంటే ఎవరో వస్తున్న అలికిడి, ఆమె ఉలిక్కిపడుతుంది’ అన్నాడు. బ్రహ్మాండం అన్నాం. క్లోజప్, ఫ్రీజ్, అయిపోయింది. పెట్టెలో ఏముందని ఒక్కడూ అడగలేదు. వాడికి తెలుసని నేననుకున్నాను, డైరెక్టర్ చూసుకుంటాడని వాడనుకున్నాడు.

ఆ తర్వాత హుక్ దొరకని రోజల్లా పెట్టే దిక్కు. ఒకసారి తాళంచెవి పోయింది, ఒకసారి కోడలు చూసేసింది, ఒకసారి పెట్టే మాయమైపోయి వారం తర్వాత మంచం కింద దొరికింది. అలా రెండొందల ఎపిసోడ్లు లాగాక ఛానల్ నుంచి ఫోన్: వచ్చే వారం పెట్టె తెరవండి, ప్రోమో వేసేస్తున్నాం. ఆ రాత్రి పడ్డ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. వీలునామా పెడదామంటే ఆస్తి గొడవ ఎప్పుడో తేల్చేశాం. నగలు పెడదామంటే ఆవిడ చేతిలో చిల్లిగవ్వ లేదని వంద ఎపిసోడ్లు ఏడిపించాం. హీరో పుట్టుక రహస్యం అందామంటే వయసు లెక్క కుదర్లేదు. చివరికి ఒక పాత చీర, ఒక ఉత్తరం పెట్టి చేతులు దులుపుకున్నాం. ఎపిసోడ్ వచ్చిన రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా పిన్ని ఫోన్ చేసి, "ఈ చీర కోసమేనట్రా ఇన్నాళ్లూ నాచేత పప్పు మాడ్పించారు?" అంది. ఏం చెప్పను?

దశరథుడు కైకకు రెండు వరాలు ఎప్పుడో ఇచ్చి ఉంచాడు. అవి ముందే ఉన్నాయి కాబట్టే పట్టాభిషేకం ముందు రోజు ఆమె నోరు తెరిచేసరికి మన గుండె జారుతుంది. అప్పటికప్పుడు పుట్టించిన వరాలైతే ‘ఇదెక్కడి గోల’ అనేవాళ్లం. మా పెట్టెకి లేనిది అదే, అది దేనికోసం వచ్చిందో మాకే తెలియదు.

ఇక పనిలోకి దిగుదాం. ముగింపు రాయమంటే చాలామంది ‘విలన్ జైలుకెళ్తాడు, కుటుంబం కలుస్తుంది’ అని రాసుకొస్తారు. అది ఎవరి సీరియల్‌కైనా అతుకుతుంది, అందుకే అది పనికిరాదు. మొదటి ఎపిసోడ్‌లో మీరు లేపిన ప్రశ్నకి మీ కథలో తప్ప ఇంకెక్కడా కుదరని జవాబు కావాలి. అదీ కళ్లకు కనబడేలా, ఒక్క సీన్లో.

ఒక కథ తీసుకుందాం. అమీర్‌పేటలో హాస్టళ్ల మధ్య సందులో సుగుణ అనే ఆవిడ కర్రీ పాయింట్ నడుపుతుంది. బోర్డు మీద మొగుడి పేరు. మొగుడు అప్పులు చేసి, ఇల్లు తాకట్టు పెట్టి ఒక రోజు మాయమైపోతాడు. ‘అతను తిరిగొస్తాడా?’ అన్నది పైకి కనిపించే ప్రశ్న, ప్రోమోలకు పనికొస్తుంది. మన ప్రశ్న వేరు: ఈ కొట్టు ఎవరిది?

ఇప్పుడు చివరి సీన్. అతను తిరిగొచ్చాడు. రాత్రి ఎనిమిదిన్నర, కొట్టు ముందు హాస్టల్ పిల్లల క్యూ. అతను కూడా క్యూలో నిలబడతాడు. తన వంతు రాగానే "ఒక పప్పు" అంటాడు. సుగుణ పాకెట్ కట్టి ఇస్తుంది. అతను వంద నోటు ఇస్తాడు. ఆమె చిల్లర లెక్కపెట్టి అతని చేతిలో పెట్టి, "తర్వాత ఎవరమ్మా?" అంటుంది. అంతే, ఒక్క కన్నీటి చుక్క లేదు. (గ్లిజరిన్ ఖర్చు కూడా మిగులుతుంది.)

ఇది చేతిలో ఉంది కాబట్టి ఇప్పుడు వెనక్కి నడవండి. చివర్లో అతను డబ్బిచ్చి చిల్లర కోసం చెయ్యి చాచాలంటే, మొదటి ఎపిసోడ్‌లో గల్లాపెట్టె తెరిచి, లెక్క కూడా చూడకుండా నోట్లు తీసుకుని జేబులో పెట్టుకుపోవాలి, ఆమె చూసి కూడా కూర కలుపుకుంటూ ఉండిపోవాలి. చివర్లో ఆమె లెక్కపెట్టి ఇవ్వాలంటే మధ్యలో ఎక్కడో లెక్కలు నేర్చుకోవాలి. ఎవరు నేర్పుతారు? క్యూలో నిలబడే కోచింగ్ సెంటర్ పిల్లల్లో ఒకమ్మాయి. ఆ అమ్మాయి కథలోకి ఎందుకొచ్చిందో ఇక మీకు తెలుసు. పక్కింటావిడ అసూయ ట్రాక్ ఒకటి మీకు బాగా నచ్చి ఉండొచ్చు, కానీ అది ‘కొట్టు ఎవరిది’ అన్న ప్రశ్నను కదిలించకపోతే తీసి పక్కన పెట్టండి.

‘సార్, మన దగ్గర ఎన్ని ఎపిసోడ్లో మన చేతిలో ఉండదుగా’ అంటారు, నిజమే. టీఆర్పీ పడితే రెండు వారాల్లో మూసేయమంటారు, లేస్తే ఇంకో రెండొందలు లాగమంటారు. ముగింపు ముందే ఉండాల్సింది సరిగ్గా ఇందుకే. అమెరికాలో బాబిలాన్ 5 అనే సీరియల్‌ని దాని రచయిత స్ట్రాజిన్‌స్కీ ఐదేళ్ల కథగా అనుకుని మొదలుపెట్టాడు. మొదటి సీజన్ అవగానే ముఖ్య నటుడు వెళ్లిపోయాడు. ప్రతి పాత్రకీ బయటికి పోయే దారి ముందే పెట్టుకున్నాడు కాబట్టి కొత్త కమాండర్‌తో కథ నడిచింది. నాలుగో సీజన్లో సీరియల్ ఆగిపోతుందేమోనన్న భయంతో పెద్ద కథలన్నీ కుదించి, చివరి ఎపిసోడ్ కూడా ముందే షూట్ చేసేశారు. తీరా ఇంకో ఛానల్ ఐదో సీజన్‌కి ఒప్పుకుంటే, దాన్ని దాచిపెట్టి 1998లో ఆఖర్న వేశారు. గమ్యం తెలిసినవాడు దారి కుదించగలడు, చుట్టూ తిప్పనూ గలడు.

మీరూ అంతే. సుగుణ కథలో ఎక్కడున్నా పది ఎపిసోడ్లలో ఆ పప్పు పాకెట్ దగ్గరికి చేరేలా ఉంచుకోండి. ఎక్స్‌టెన్షన్ వస్తే మధ్యలో కలపండి, రెండో బ్రాంచి పెట్టించండి, జీహెచ్ఎంసీ వాళ్లు రోడ్డు వెడల్పు అంటూ కొట్టుకి గుర్తు పెట్టినట్టు రాయండి. చిల్లర ఇచ్చేశాక మాత్రం ఒక్క సీన్ కూడా కలపొద్దు. ఇరవై ఏళ్ల లీప్ వేసి సుగుణ కూతురికి మళ్లీ అలాంటి మొగుణ్నే తగిలించారంటే, ఆ చిల్లర సీన్ విలువ పోయినట్టే.

రెండు జాగ్రత్తలు త్వరగా చెప్పేస్తాను. ముగింపు తేదీ వేరు, ముగింపు వేరు. అమెరికాలోనే ‘లాస్ట్’ (Lost) అనే సీరియల్ వాళ్లు 2007 మేలో, ఇంకో 48 ఎపిసోడ్లతో 2010లో ముగిస్తామని ముందే ప్రకటించారు. దాంతో కథ సాగదీసే అవసరం తగ్గింది, అయినా ఆఖరి ఎపిసోడ్ మీద జనం ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఇక ‘హౌ ఐ మెట్ యువర్ మదర్’ అనే సీరియల్ వాళ్లది ఇంకో రకం తిప్పలు. అందులో తండ్రి చెప్పే కథ వినే పిల్లలు పెద్దవాళ్లయిపోతారని వాళ్ల చివరి సీన్‌ని 2006లోనే తీసి దాచారు. అది 2014లో ప్రసారమయ్యేసరికి పాత్రలు ఎటో ఎదిగిపోయాయి, చాలామందికి ఆ ముగింపు రుచించలేదు. నా పద్ధతి ఏంటంటే, యాభై ఎపిసోడ్లకోసారి చివరి సీన్ తీసి చదువుతాను. సుగుణ అప్పటికి వేరే మనిషి అయి ఉంటే సీన్ మారుస్తాను, ప్రశ్నను మాత్రం ముట్టుకోను.

ఈ వారం హోంవర్క్: చివరి సీన్ ఒక పేజీలో రాయండి, డైలాగులు ఐదుకు మించకూడదు. కింద, ఆ సీన్లో కనిపించే వస్తువులన్నీ వరసగా రాసుకోండి. పప్పు పాకెట్, వంద నోటు, గల్లాపెట్టె, బోర్డు. ఒక్కో వస్తువు మొదటి పది ఎపిసోడ్లలో ఎక్కడ కనిపిస్తుందో దాని పక్కనే రాయండి, చోటు దొరకని వస్తువుని సీన్లోంచి తీసేయండి. ఆ తర్వాతే మొదటి ఎపిసోడ్ తిరగరాయండి.

సుగుణ కొట్టు బోర్డు మీద చివరికి ఎవరి పేరుండాలో నేను కావాలనే చెప్పలేదు. అది కూడా రాసుకు రండి, 6వ పాఠం అక్కణ్నుంచే మొదలవుతుంది.